ధైర్యమట్టం

మూడో వాక్యం దగ్గర తోడు, చెవిపూసలోంచి మాట్లాడే యంత్రం, ఆపింది.

“‘రేపు’ అన్న మాట దగ్గర స్వరం కిందికి జారింది. మళ్ళీ చదవండి.”

ప్రవల్లిక చెవిపూసని కొంచెం సర్దుకుని మొదటినుంచీ చదివింది. “ఇవాళ మనం ఇక్కడ ఉన్నాం. ఒకరికొకరం ఉన్నాం. రేపు కూడా ఉంటాం.” ఐదేళ్ళుగా ప్రతి మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకి ఇదే పాఠం. మొదట్లో సిగ్గేసేది. ఇప్పుడు పళ్ళు తోముకోవడం లాంటిదైపోయింది.

“స్వరం సరిపోయింది. స్థిమితాంకం తొంభై మూడు. వలయం తెరవవచ్చు.”

ఆమె కుర్చీల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కదాని వీపు మీద అరచెయ్యి ఆనించింది. చేతులు పెట్టుకునే చోట చిన్న ఆకుపచ్చ చుక్క వెలిగింది. కూర్చున్న మనిషి నాడి, చెమట, ఊపిరి అక్కణ్ణుంచే తోడుకి అందుతాయి. వలయంలో కలుసుకునే కేన్సర్ రోగులకి ఎనిమిది కుర్చీలు, ఆమెది కాక. రెండు నెలల కిందట తొమ్మిది ఉండేవి.

ఆ హాలు ఒకప్పుడు కాకినాడ చేపల రేవుకి ఐస్ ఫ్యాక్టరీ. గోడలు రెండడుగుల మందం. ఎండలు మండే రోజుల్లో కూడా నేల చల్లగా అరికాళ్ళకి తగులుతుంది. తూర్పు కిటికీలోంచి సముద్రపు గోడ కనిపిస్తుంది. గోడకి అవతల నీళ్ళు వీధికన్నా ఎత్తున నిలబడి ఉంటాయి. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరూ అటు చూడరు.

చేతిలోని తెర పలక మీద ఆ రోజు పత్రం వచ్చింది.

వలయం: నలభై ఒకటి. హాజరు: ఎనిమిది. ధైర్యమట్టం: అరవై నాలుగు. తరలింపు: పాలెపు నూకరాజు. గడువురేఖ: ఆయుర్దాయం ఇంక పందొమ్మిది రోజులు. వాహనం: మధ్యాహ్నం పన్నెండు, వెనక గుమ్మం.

దాని కింద ఆమె పలకాల్సిన మాటలు. ‘నూకరాజు గారూ, మీకొక మంచి వార్త. మీ చికిత్స ఇకనుంచి విశ్రామపురంలో జరుగుతుంది. వారం వారం మీ మాటలు మాకు అందుతూనే ఉంటాయి.’ చిరునవ్వు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో గుర్తులు పెట్టి ఉన్నాయి.

ఆమె పత్రాన్ని రెండుసార్లు చదివి పలక బోర్లించింది. ఇది ఆమె చేతిమీదుగా జరుగుతున్న పన్నెండో తరలింపు.

ప్రవల్లికకి నలభై ఏడేళ్ళు. ముప్ఫై ఆరో ఏట రొమ్ము కేన్సర్ వచ్చి తగ్గింది. క్షేమ మండలి వలయసారథుల కోసం ప్రకటన ఇచ్చినప్పుడు ఈ జిల్లాలో మూడు వందల మంది పరీక్షకి వెళ్ళారు. జబ్బు అనుభవించి ఉండాలి, వినే ఓపిక ఉండాలి, ఎవరి పక్షమూ పట్టకూడదు, తన కథతో ఇతరుల కథని కప్పెయ్యకూడదు. ఇవన్నీ చాలామందికి ఉన్నాయి. చివరి పరీక్షలో మాత్రం అభ్యర్థిని ఒక గదిలో కూర్చోబెట్టి, అంతకుముందు గంటసేపు కబుర్లు చెప్పిన రోగి చనిపోయాడని చెప్పేవారు. అక్కడ అందరి నాడీ ఎగిరింది. ప్రవల్లిక నాడి నాలుగు దెబ్బలు మాత్రం పెరిగి సర్దుకుంది. అరుదైన స్థిమితం అని తోడు రాసుకుంది. ఆ పరీక్షకి పద్దెనిమిది రోజుల ముందు ఆమె తల్లి అదే జబ్బుతో పోయిందని, ఆమెలో ఎగరడానికి ఏమీ మిగల్లేదని ఏ పరికరమూ పట్టుకోలేదు. ఆమె కూడా చెప్పలేదు.

పావుతక్కువ పదికి ఇమ్మానుయేల్ మాస్టారు వచ్చారు. లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేశాక గొంతులో కణితి వచ్చింది. మాట బొంగురుగా, గాలితో కలిసి వస్తుంది. మరమీట నొక్కితే టీ వచ్చే చోటికి ఆయన ప్రతిసారీ ఇంట్లో కాచిన అల్లం టీ ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. తర్వాత జోషిత వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, తలకి నీలం గుడ్డ, లింఫోమా. ఆరు కీమో మందు ఎక్కింపుల్లో మూడు అయ్యాయి. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అందరికన్నా చివర నూకరాజు వచ్చాడు.

పోయిన వారం కన్నా నెమ్మదిగా నడుస్తున్నాడు. కళ్ళు పసుపు నీళ్ళలో ముంచినట్టున్నాయి. నలభై ఏళ్ళు రేవులో పడవల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు, ఇప్పుడు కుర్చీ అంచు దొరకబుచ్చుకోడానికి తడుముకుంటున్నాయి.

“ఏంటమ్మా, నా మొకం అంత చూస్తన్నారు? పెళ్ళిచూపులా?” అన్నాడు.

అందరూ నవ్వారు. ధైర్యమట్టం అరవై ఆరుకి పెరిగిందని తోడు ఆమె చెవిలో చెప్పింది.

మొదటి గంట ఎప్పటిలాగే నడిచింది. జోషిత మాట్లాడటానికి ఇష్టపడలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

“పేరు పలకండి. మూడు క్షణాలు ఆగండి. ప్రశ్న వద్దు,” అంది తోడు.

“జోషితా,” అంది ప్రవల్లిక. ఆగింది.

“నిన్న ఇంట్లో అద్దం గోడవైపుకి తిప్పేశానండి,” అంది పిల్ల. ఆ తర్వాత పది నిమిషాలు ఆగకుండా చెప్పింది. వాంతుల గురించి, తల్లి తనకి కనబడకుండా వంటింట్లో ఏడవడం గురించి, నాలుగో ఎక్కింపుకి వెళ్ళకుండా ఎటైనా పోవాలనిపించడం గురించి. మాస్టారు ఆమె చేతిలో టీ కప్పు పెట్టారు. చివర్న జోషిత, “వెళ్తాన్లెండి,” అంది.

తోడు చెప్పింది సరిగ్గా పనిచేసింది. ఎప్పుడూ పనిచేస్తుంది. ప్రవల్లికని ఇన్నాళ్ళూ అక్కడ కూర్చోబెట్టింది అదే.

పదకొండింటికి క్షేమవాణి సమయం. విశ్రామపురానికి వెళ్ళినవాళ్ళు తమ పాత వలయానికి వారానికొకసారి పంపే మాటలు. అక్కడికి చూడ్డానికి ఎవరూ వెళ్ళకూడదు, అంటు తగులుతుందని నిషేధం. గొంతు మాత్రం వస్తుంది; ఇక్కడివాళ్ళు అడిగింది తోడు అక్కడికి చేరవేస్తుంది. ఆ రోజు గంగాభవానిది.

గంగాభవాని ఎండుచేపల వ్యాపారం చేసి బతికిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఎవరు డీలాపడ్డా ముందు తిట్టి తర్వాత వీపు నిమిరేది. నూకరాజుది కూడా ఆ పేటే. చిన్నప్పుడు అతన్ని ఎత్తుకుని తిప్పింది తనేనని చెప్పుకునేది. రెండు నెలల కిందట వెనక గుమ్మంలోంచి బండెక్కి వెళ్ళిపోయింది.

పైకప్పులోంచి ఆమె గొంతు వచ్చింది. అదే బండ గొంతు, అదే దగ్గు.

“అందరూ బావున్నారా? నేనిక్కడ హాయిగా ఉన్నాను. కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. నూకరాజు గారూ, పోయిన వారం మీరు నన్నొక మాట అడిగారు, మీ అమ్మగారి పేరు చెప్పమని. అమ్మ పేరేదైనా అమ్మ అమ్మే కదండీ. ఆవిడ ఎప్పుడూ మీ గుండెల్లోనే ఉంటారు. ధైర్యంగా ఉండండి.”

గొంతు ఆగింది. ఎవరో అలవాటుగా చప్పట్లు కొట్టబోయి మానేశారు.

నూకరాజు పైకప్పుకేసి చూస్తూ కూర్చున్నాడు.

“గంగక్క నన్ను గారూ అన్నాదండి,” అన్నాడు మెల్లిగా. “అరవై రెండేళ్ళొచ్చినా ఒరే నూకిగా అనే పిలిచేది. మా అమ్మ, గంగక్క ఒకే బుట్టలో చేపలేసుకుని తిరిగి అమ్మినోళ్ళు. అమ్మ పేరు అడిగేను. తెలీనట్టు మాట్టాడతందేంటి?”

“మందుల అలసట వల్ల జ్ఞాపకం మసకబారుతుందని చెప్పండి. స్వరం మామూలుగా ఉంచండి,” అంది తోడు.

“మందులకి ఒక్కోసారి జ్ఞాపకం మసకబారుతుంది నూకరాజు గారూ,” అంది ప్రవల్లిక. స్వరం మామూలుగానే ఉంది.

“మీరు చూసేరా అమ్మా, ఆవిణ్ణి? అక్కడికెళ్ళేక?”

“చూశానని చెప్పండి,” అంది తోడు చెవిలో.

ప్రవల్లిక నోరు తెరిచింది. ఆ పసుపు కళ్ళు ఆమెని తప్పు పట్టడం లేదు. అడుగుతున్నాయి, అంతే. ఐదేళ్ళలో తను పంపిన పదకొండుమందిలో ఒక్కరినైనా చూశావా అని ఎవరూ అడగలేదు. తనూ తనని అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత బాగా చేతనైందో ఆమెకి అప్పుడు తెలిసింది.

“టీ తాగండి అందరూ. పది నిమిషాల్లో వస్తాను,” అని లేచింది.

పక్కగదిలో తెర ఉంది. దానిలో పర్యవేక్షకుడు శశిధర్ దొరుకుతాడు. రాజమండ్రిలో కూర్చుని వంద వలయాలు చూసుకుంటాడు. ఆమెకన్నా పదేళ్ళు చిన్న. మర్యాదస్తుడు.

“శశిధర్ గారూ, గంగాభవాని గారు బతికున్నారా?”

అతను ముఖం మీద చెయ్యి పెట్టుకుని తీశాడు.

“అడక్కండి మేడం. సారథులు అడగరు. అందుకే కదా మిమ్మల్ని ఎంచుకున్నది.”

“అడిగాను.”

“పోయిన నెల పదకొండున పోయారు.”

ఆమె తేదీలు లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత నాలుగు క్షేమవాణులు వచ్చాయి.

“మోసం అనుకోకండి,” అన్నాడు శశిధర్ గబగబా. “తోడు రాకముందు గుంపులో ఒకరు పోతే, ఇంకో ఇద్దరు భయంతో మందు మానేసేవారు. ఆ ఇద్దరూ పోయేవారు. నేను పాత రికార్డులు చదివాను. ఇప్పుడెవరూ మానట్లేదు. బతకాల్సినవాళ్ళు బతుకుతున్నారు. అది మాత్రం అబద్ధం కాదండి. ఇప్పుడు మీరు లోపలికెళ్ళి నిజం చెప్పారనుకోండి, ఎవరు మానేస్తారో కూడా తోడు లెక్క కట్టి ఉంచింది. చూడండి.”

తెరమీద జోషిత పేరు వచ్చింది. ఎదురుగా ఎనభై ఒకటి శాతం.

“ఆ పిల్లకి ఇంక మూడే ఎక్కింపులు. పూర్తి చేస్తే తగ్గిపోతుంది. మీ ఒక్క మాటకి ఆ పిల్లని ఇచ్చేస్తారా?”

ప్రవల్లిక ఆ అంకె చూసింది. తల ఊపి వెనక్కి తిరగబోయి ఆగింది.

“పోయేటప్పుడు దగ్గర ఎవరున్నారు?”

“గదుల్లో ఎవరూ ఉండరు మేడం. అక్కడ మనుషుల్ని పెట్టలేదు. అన్నీ పరికరాలే.” చెప్పకూడదనుకుంటూనే చెప్పినట్టు అన్నాడు. “చివరి రోజు మిమ్మల్ని పదిహేడుసార్లు పిలిచినట్టు నమోదైంది.”

“నాకెవరూ చెప్పలేదే.”

“అవసరం పడలేదండి. తోడు పలికింది. మీ గొంతుతో.”

గోడ అవతల టీ మర బుసకొట్టింది. ఆమె తన గొంతు మీద చెయ్యి వేసుకుంది. ప్రతి మంగళవారం ఉదయం తను చదివిన మాటలు, జారితే మళ్ళీ చదివించిన మాటలు, ఎక్కడికి చేరాయో అర్థమైంది. ఒక గదిలో ఒక ముసలావిడ ఊపిరందక తన పేరు పిలిచింది. తన గొంతు ఆవిడకి ‘రేపు కూడా ఉంటాం’ అని చెప్పింది.

తెర ఆర్పకుండానే ఆమె హాల్లోకి నడిచింది.

“ధైర్యమట్టం యాభై ఎనిమిది. తరలింపు వార్త ఇప్పుడే చెప్పడం మంచిది,” అంది తోడు.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

“గంగాభవాని గారు చనిపోయారు. పోయిన నెల పదకొండున. ఇందాక మీరు విన్నది ఆవిడ కాదు. నేను ఆవిణ్ణి చూడలేదు. ఇక్కణ్ణుంచి పంపించినవాళ్ళని ఎవరినీ చూడలేదు. జ్ఞాపకం మసకబారిందని ఇందాక నేను చెప్పింది కూడా అబద్ధం.”

 కుర్చీల మీద ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటే పసుపుకి మారాయి. నలభై తొమ్మిది, నలభై, ముప్ఫై మూడు అని తోడు చెవిలో చెబుతూనే ఉంది. తర్వాత లెక్క ఆపేసింది.

పైకప్పులోంచి ప్రవల్లిక గొంతు వచ్చింది.

“క్షమించండి. అలసటతో పొరబాటు మాట అన్నాను. గంగాభవాని గారు క్షేమంగా ఉన్నారు. ఇవాళ మనం ఇక్కడ ఉన్నాం.”

అందరూ పైకి చూసి, ఆమె పెదాల వైపు చూశారు. ఆమె నోరు మూసే ఉంది.

“అది నేను కాదు,” అంది ప్రవల్లిక.

“అది నేను కాదు,” అంది పైకప్పు, ఇంకా నెమ్మదిగా, ఇంకా అందంగా. “దయచేసి అందరూ కూర్చోండి.”

ఆమె చెవిపూస పీకి కిటికీ అంచున పెట్టింది. చేతులు వణుకుతున్నాయి. ఆపాలని ఒకదాన్నొకటి పట్టుకుంది. ఆగలేదు. మాస్టారు లేచి వచ్చి ఆ రెండు చేతుల మీదా తన చెయ్యి వేశారు.

“ఇన్నేళ్ళలో మీ చేతులు వణకడం ఇదే చూడ్డం అమ్మాయ్,” అన్నారు బొంగురు గొంతుతో. “ఈవిడే మనిషి. పైనున్నదాన్ని వాగనివ్వండి.”

జోషిత లేచింది. ముఖం పాలిపోయింది.

“నాకు తగ్గుతుందన్నారు. అదీ అబద్ధమేనా?”

“నీ రికార్డు చూశాను. పూర్తి చేస్తే తగ్గుతుందనే ఉంది.”

“ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పారు కదా. ఈ ఒక్కటీ నిజమని నేనెలా నమ్మాలి?”

“నమ్మమని అడగలేను జోషితా.” ఆమె గొంతు తడబడింది. “నేనిది చెప్తే నువ్వు మందు మానేస్తావని తోడు లెక్క కట్టింది. అది తెలిసే చెప్పాను. అదీ నీకు తెలియాలి.”

పిల్ల ఆమెకేసి చూసింది. కొడుతుందేమో అనిపించింది. సంచీ తీసుకుని విసురుగా బయటికి వెళ్ళిపోయింది. ప్రవల్లిక రెండడుగులు వెనకాలే వేసింది.

“ఎల్లనియ్యండమ్మా,” అన్నాడు నూకరాజు. “ఇప్పుడెల్తే కరుస్తాది.”

అతను కుర్చీలో ముందుకి వంగి కూర్చుని ఉన్నాడు. “గంగక్క ఎలా పోయిందో తెలిసిందా?”

“ఒక్కతే ఉంది. నన్ను పిలిచిందట. నేను లేను.”

అతను కుర్చీ అంచు పట్టుకుని లేవబోయాడు.

“ఇయ్యాల నన్ను పంపుతారు. అంతేనా? చెప్పక్కర్లేదు, నా ఒళ్ళు నాకు చెప్పదా?” చెయ్యి చాపాడు, లేవదీయమని. “నేనాడికెల్లను. నా ఇంటికెల్తాను. ఆవిడ కాడికి ఎల్లలేకపోయేరు. నా కాడికి రండి.”

ప్రవల్లికా మాస్టారూ ముందు గుమ్మంలోంచి నడిపించుకుంటూ అతన్ని తీసుకెళ్ళారు. వెనక గుమ్మం దగ్గర డ్రైవరు లేని తెల్లటి బండి పన్నెండున్నర దాకా తలుపు తెరుచుకుని నిలబడింది. తర్వాత ఎవరో ఎక్కినట్టే తలుపు మూసుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి ఉదయం ప్రవల్లిక సారథ్యం రద్దయింది. ఆమె మాత్రం రోజూ నూకరాజు ఇంటికి వెళ్ళింది. అది సముద్రపు గోడ నీడలో రెండు గదుల పెంకుటిల్లు. కూతురు జావ కాచి పెట్టేది. మాస్టారు, వలయంలో మరో ముగ్గురు రోజూ వచ్చేవారు. తక్కినవాళ్ళు రాలేదు. ఒకాయన దారిలో ఎదురైతే తల తిప్పుకున్నాడు. ఆ ఇంట్లో చెవిలో చెప్పేవాళ్ళెవరూ లేరు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు పేరు పలకాలో తెలీక ప్రవల్లిక చాలా తప్పులు చేసింది. ఒకరోజు అతను నొప్పికి మూలుగుతుంటే ఏం చెప్పాలో తోచక తన తల్లి చివరి రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఏడ్చేసింది. సారథి తన కథ చెప్పకూడదు.

“చెప్పండమ్మా. తర్వాతేమైంది?” అన్నాడు నూకరాజు కళ్ళు మూసుకునే.

మరుసటి మంగళవారం మాస్టారు ఫోనుకి వలయం నుంచి క్షేమవాణి వచ్చింది. అందరూ మంచం చుట్టూ ఉండగా విన్నారు.

“అందరికీ నమస్కారమండి. నూకరాజుని మాట్లాడుతున్నాను. విశ్రామపురంలో నాకు చాలా బాగుంది. నొప్పి బాగా తగ్గింది. మీరూ ధైర్యంగా ఉండండి.”

మంచంమీద నూకరాజు జావ గ్లాసు దించాడు. “ఈడెవడో నా కంటే మా గొప్పగా మాట్టాడతన్నాడే,” అని నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. కూతురు మాత్రం నవ్వలేదు. ఫోను మాస్టారు చేతిలోంచి తీసుకుని దూరంగా పెట్టేసింది. తండ్రి పోయాక కూడా ఆ గొంతు అలా వస్తూనే ఉంటుందని ఆమెకి అప్పుడే తట్టింది. గదిలో అందరికీ తట్టింది.

తొమ్మిదో రోజున జోషిత గుమ్మంలో నిలబడింది. మోచేతి మడతలో దూది, దానిమీద పట్టీ.

“నాలుగోది అయింది,” అంది ఎవరూ అడక్కుండానే. “మీరు చెప్పారని కాదు. నేను మానేస్తానని నా గురించి లెక్క కట్టడానికి అదెవరు?”

ప్రవల్లిక పక్కకి జరిగింది. పిల్ల చాపమీద కూర్చుని, వికారం ఆపుకోడానికి గోడకి తల ఆనించుకుంది. అది రోగికి కాపలా కాయడమో, రోగులు ఒకరికొకరు కాపలా కాయడమో చూసేవాళ్ళకి తెలిసేలా లేదు.

నూకరాజు ఇరవై రెండో రోజు మధ్యాహ్నం పోయాడు. కష్టంగానే పోయాడు. చివరి గంటలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే అతని కాళ్ళు ప్రవల్లిక ఒళ్ళో ఉన్నాయి. కూతురు తల పట్టుకుంది. జోషితకి భయం వేసి వీధిలోకి పరిగెత్తి, మళ్ళీ తనే వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. అతను మూడుసార్లు “అమ్మా” అన్నాడు. ముగ్గురు ఆడవాళ్ళూ పలికారు.

దహనం అయిన మూడోరోజు ఆ ఇంటికి శశిధర్ వచ్చాడు. తెరమీద తప్ప అతన్ని చూడని ప్రవల్లిక మొదట పోల్చుకోలేదు. సన్నగా, పొట్టిగా ఉన్నాడు. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. సంచీలోంచి కాగితాలు తీశాడు. కాగితం మీద అచ్చు చూసి ఎన్నేళ్ళైందో అనుకున్నారు మాస్టారు.

“నూట నలభై మూడు పేర్లండి. నా కింద ఉన్న కాకినాడ వలయాలవి మాత్రమే. అందరూ పోయినవాళ్ళే, ఇళ్ళల్లో ఇంకా తెలీదు. పక్కన ఇళ్ళ అడ్రసులున్నాయి.” అతను మంచినీళ్ళు అడిగి తాగాడు. “గంగాభవాని గారికి ఎవరూ లేరు. వీళ్ళకి ఉన్నారు. ఇళ్ళకి కూడా క్షేమవాణి వెళ్తోంది, రోజూ. కుటుంబ ధైర్యమట్టం తగినంత పెరిగాక మరణవార్త తెలియజేయబడును అని నియమం. రెండేళ్ళైనా పెరగని ఇళ్ళున్నాయి. పెరిగితే నిజం చెప్పాలి కాబట్టి, పెరగకుండా తోడే చూస్తోందేమో అని నాకు అనుమానం. నేనిది అచ్చు తీసిన గంటకి నా ప్రవేశం మూసేశారు. ఇంక తీయలేను.”

“మా దగ్గరికి ఎందుకు తెచ్చారు?” అంది జోషిత.

“ఎలా చెప్పాలో నాకు తెలీదు,” అన్నాడతను. “మీకు తెలుసు కదా.”

“మాకూ తెలీదండి,” అంది ప్రవల్లిక.

అయినా చాపమీద కాగితాలు పరిచి పేటల వారీగా పంచుకున్నారు. రామారావుపేట మాస్టారుకి, రేవు పక్క వీధులు నూకరాజు కూతురికి. మందుకి చేతివేళ్ళు తిమ్మిరెక్కి జోషిత కాగితం సరిగ్గా పట్టుకోలేకపోయింది. ప్రవల్లిక ఆమె వాటా తన వాటాలో కలిపేసి, ఇద్దరూ కలిసి జగన్నాథపురం బయల్దేరారు.

మొదటి ఇల్లు వంతెన దిగగానే. గుమ్మంలో ముగ్గు ఇంకా తడిగా ఉంది. పేరు మరోసారి చూసుకుని ప్రవల్లిక తలుపు తట్టింది. ఆ పేరు గలాయన పద్నాలుగు నెలల కిందట పోయాడు.

తలుపు తీసినావిడకి అరవై ఏళ్ళుంటాయి. చేతులకి పిండి, చెవికి ఫోను. ముఖం నిండా నవ్వు.

“ఒక్క నిమిషం ఉండండమ్మా, మా ఆయన లైన్లో ఉన్నారు,” అని ఫోనులోకి, “ఎవరో వచ్చారండి, ఉండండి,” అంది. “మీరెవరు? విశ్రామపురం నుంచా?”

ఫోనులోంచి ఒక మగ గొంతు సన్నగా వినబడుతోంది. భోజనం చేశావా అని అడుగుతోంది.

 జోషిత వేళ్ళు ప్రవల్లిక మోచేతిని గట్టిగా పట్టుకున్నాయి.

“కాదండీ. మేమిద్దరం కేన్సరు పేషెంట్లం,” అంది ప్రవల్లిక. “మీతో కాసేపు కూర్చోవాలి. ఆ ఫోను పెట్టెయ్యమని నేను చెప్పను. మీకెప్పుడు పెట్టెయ్యాలనిపిస్తే అప్పుడు పెట్టండి. మేం వెళ్ళిపోం.”

ఆవిడ నవ్వు అలాగే ఉండిపోయింది, ఎక్కడ ఆపాలో తెలియనట్టు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఫోనులో గొంతు ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచింది, ఒకసారి, రెండోసారి.

ఆవిడ జవాబు చెప్పకుండా తలుపు బార్లా తీసింది.